ఓపెన్‌లో పెట్రోల్ పేలదు అన్నాను, తప్పు చెప్పాను! మంట డిటోనేషన్‌గా ఎలా మారుతుంది?

ఈ రోజు ఎపిసోడ్ కొంచెం వేరు. టాపిక్‌లోకి వెళ్లే ముందు నేను ఒక తప్పు ఒప్పుకోవాలి.

కొన్ని నెలల క్రితం పెట్రోల్ బంకుల సేఫ్టీ మీద ఒక వీడియో చేశాం, గుర్తుందా? అందులో నేను చాలా ధీమాగా ఒక మాట అన్నా. "సినిమాల్లో చూపించినట్టు బయట ఖాళీ స్థలంలో పెట్రోల్ ఆవిరి పేలదు. భగ్గుమని మండుతుంది, అంతే. పేలాలంటే నాలుగు గోడల మధ్య ఉండాలి" అని. ఆ వీడియో బాగానే వెళ్లింది. నేనూ మర్చిపోయా.

మా మావయ్య పెట్రోల్ ట్యాంకర్ నడుపుతాడు. ఇరవై ఏళ్లకు పైగా అదే పని. ఒక రోజు రాత్రి ఫోన్ చేశాడు.

"అల్లుడూ, నీ వీడియో మా క్లీనర్ కుర్రాడు చూశాడు రా."

నేను సంబరపడిపోయా. "ఎలా ఉందంట మావయ్యా?"

"బాగుందంట. నిన్న లోడింగ్‌కి బయట లైన్లో ఉన్నాం. పెట్రోల్ వాసన గుప్పుమని కొట్టింది. బండి వదిలేసి దూరంగా రారా అన్నా. వాడు నవ్వి, ఓపెన్‌లో ఏం కాదన్నా, మీ అల్లుడే చెప్పాడుగా అన్నాడు. ఇప్పుడు చెప్పు. నిజంగా ఏం కాదా?"

అది చిన్న లీకేనట, వెంటనే సరిచేశారట. కానీ ఆ "ఏం కాదా" అన్న ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. "చదివి చెప్తా మావయ్యా" అని పెట్టేశా. రెండు వారాలు చదివా. చదివిన కొద్దీ నాకు నా మీదే కోపం వచ్చింది. ఈ వీడియో మావయ్యకి, ఆ కుర్రాడికి, మీకు నా జవాబు.

సరే, మొదటి నుంచి వద్దాం. మంటల్లో రెండు జాతులు ఉన్నాయి.

మొదటిది మనకి తెలిసిన మంట. గ్యాస్ గాలిలో కలిసి ఉంది అనుకోండి. ఒక చోట అంటుకుంది. అక్కడ పుట్టిన వేడి పక్క పొరకి పాకుతుంది. ఆ పొర వేడెక్కి అంటుకుంటుంది. దాని వేడి దాని పక్క పొరకి. ఇలా ఒక పొర తర్వాత ఇంకో పొర. దీన్ని డీఫ్లగ్రేషన్ అంటారు. మన స్టవ్ మీద మంట, బంకు దగ్గర అంటుకునే మంట, అన్నీ ఈ జాతే. అల్లకల్లోలం ఏమీ లేకుండా ప్రశాంతంగా ఉంటే ఇది మహా నెమ్మది. పెట్రోల్ ఆవిరి గానీ, మీథేన్ గానీ, గాలితో కలిసినప్పుడు మంట తన ముందున్న గ్యాస్‌ని తినే వేగం సెకనుకి సుమారు 0.4 మీటర్లు. మనం నడిచే వేగం కంటే తక్కువ.

రెండోది డిటోనేషన్. ఇక్కడ వేడి పాకడం కోసం ఎవరూ ఆగరు. ముందు ఒక షాక్ వేవ్ వెళ్తుంది. అది గ్యాస్‌ని ఎంత గట్టిగా నొక్కేస్తుందంటే, ఆ నొక్కుడికే గ్యాస్ వేడెక్కి దానంతట అది అంటుకుంటుంది. అంటుకున్న గ్యాస్ ఇచ్చే శక్తి మళ్లీ ఆ షాక్‌ని వెనక నుంచి తోస్తుంది. షాక్ మంటని పుట్టిస్తుంది, మంట షాక్‌ని బతికిస్తుంది. వేగం సెకనుకి 1800 మీటర్ల దాకా ఉంటుంది. గాలిలో శబ్దం వేగం సెకనుకి 340 మీటర్లే. అంటే దీని వేగం అంతకి అయిదు రెట్లు.

తేడా తెలియాలంటే ఒక లెక్క చూడండి. చార్మినార్ నుంచి గోల్కొండ కోటకి సూటిగా గీత గీస్తే సుమారు 8 కిలోమీటర్లు. మొదటి జాతి మంట సెకనుకి 0.4 మీటర్ల చొప్పున వెళ్తే అయిదున్నర గంటలు పడుతుంది. డిటోనేషన్‌కి నాలుగున్నర సెకన్లు. ఇంధనం అదే, గాలి అదే.

ఇప్పుడు అసలు ప్రశ్న. నత్తలా నడిచే ఆ మొదటి మంట, ఈ రాక్షసిలా ఎలా మారుతుంది? మధ్యలో ఎవరూ బాంబు పెట్టలేదు. అంటించింది ఒక చిన్న నిప్పురవ్వ. మరి ఎలా?

ఇది అర్థం కావడానికి నాకు నా పాత ఉద్యోగం పనికొచ్చింది. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు ఒక పండగ సేల్ రాత్రి మా సర్వర్ ఒకటి కొంచెం, కొంచెమే, స్లో అయింది. జవాబు రాకపోయేసరికి యాప్‌లన్నీ మళ్లీ రిక్వెస్ట్ పంపడం మొదలుపెట్టాయి. ఆ లోడ్‌కి సర్వర్ ఇంకా స్లో అయింది. దాంతో ఇంకా ఎక్కువ రిక్వెస్టులు. కొన్ని నిమిషాల్లో మొత్తం కుప్పకూలింది. తెల్లారేదాకా కూర్చున్నాం. లాగ్స్ చూస్తే పెద్ద తప్పు ఎక్కడా లేదు. ఒక చిన్న తప్పు తన ఫలితాన్నే తిని పెరిగింది.

మంట కూడా సరిగ్గా ఇదే చేస్తుంది. జాగ్రత్తగా వినండి.

మండిన గ్యాస్ బాగా వేడిగా ఉంటుంది కదా. వేడెక్కితే వ్యాకోచిస్తుంది. మండక ముందు ఉన్న చోటు కంటే ఏడెనిమిది రెట్లు చోటు కావాలి దానికి. ఆ చోటు కోసం అది ముందున్న, ఇంకా మండని గ్యాస్‌ని నెట్టుతుంది. అంటే మంట రాకముందే, దాని ముందు ఒక గాలి వీచడం మొదలవుతుంది. దీన్ని గుర్తు పెట్టుకోండి. కథంతా ఈ గాలి మీదే ఉంది.

దారిలో ఏమీ లేకపోతే ఆ గాలి అన్ని వైపులా హాయిగా చెదిరిపోతుంది. కానీ దారిలో ఒక పైపు, ఒక స్తంభం, ఒక చెట్టు కొమ్మ ఉంటే? గోదావరి వరదలో వంతెన స్తంభాల వెనక సుడులు చూశారా? అచ్చం అలాగే, ఆ అడ్డం వెనక గాలి సుడులు తిరుగుతుంది. వెనకే వస్తున్న మంట ఆ సుడుల్లోకి దూరుతుంది. అప్పటిదాకా దుప్పటి పరిచినట్టు నున్నగా ఉన్న మంట, ముడతలు పడి నలిగిపోతుంది.

ముడతలు పడితే ఏంటి? ఒక చీర విప్పి ఆరేస్తే ఎంత పొడవుంటుంది? కుచ్చిళ్లు పెడితే ఎంత చోటులో ఇముడుతుంది? ముడతలు పడ్డ మంట కూడా అంతే. అదే చోటులో చాలా ఎక్కువ మంట ఉపరితలం ఇమిడిపోతుంది. ఉపరితలం పెరిగితే ఒక్క సెకనులో మండే గ్యాస్ పెరుగుతుంది. ఎక్కువ మండితే ఎక్కువ వ్యాకోచం. ముందు గాలి ఇంకా జోరు. తర్వాతి కొమ్మ దగ్గర సుడులు ఇంకా గట్టివి. మంటకి ఇంకా ముడతలు. మా సర్వర్ రిక్వెస్టుల గొడవే, కాకపోతే ఇక్కడ నిమిషాలు లేవు. అంతా సెకనులో చిన్న భాగంలో అయిపోతుంది.

ఇక్కడ చాలామంది బుర్ర తిరిగే విషయం ఇది. అడ్డం పెడితే ఎవరైనా నెమ్మదిస్తారు కదా? ట్రాఫిక్‌లో స్పీడ్ బ్రేకర్ అందుకే. మంటకి మాత్రం అడ్డమే యాక్సిలరేటర్. సోవియట్ శాస్త్రవేత్త కిరిల్ షెల్కిన్ గొట్టం లోపల గోడ వెంబడి ఒక తీగ చుట్ట పెట్టి చూశాడు, స్ప్రింగ్ లాగా. ఆ చుట్ట ఉన్న గొట్టంలో మంట చాలా తక్కువ దూరంలోనే డిటోనేషన్‌గా మారింది. ఇప్పటికీ దాన్ని షెల్కిన్ స్పైరల్ అనే పిలుస్తారు.

నిజానికి ఈ విషయం అంతకంటే పాతది. 1880ల్లో ఫ్రాన్స్‌లో మలార్, లే షాటలియే అనే ఇద్దరు బొగ్గు గనుల్లో గ్యాస్ పేలుళ్ల మీద పరిశోధన చేశారు. అదే కాలంలో బెర్తలో, వియే అనే మరో ఇద్దరు కూడా. పొడవాటి గొట్టాల్లో మంటని వెంబడిస్తే, మామూలుగా మొదలైన మంట ఉన్నట్టుండి సెకనుకి వెయ్యి మీటర్లు దాటి పరిగెత్తడం కనిపించింది. గనిలో కూలీల ప్రాణాలు ఎందుకు పోతున్నాయని మొదలైన ప్రశ్న ఇది.

సరే, మంట వేగం పెరిగింది. కానీ వేగంగా మండటం వేరు, డిటోనేషన్ వేరు అన్నాను కదా. ఆ గీత ఎలా దాటుతుంది?

మంట వేగం పెరిగే ప్రతిసారీ ముందుకి ఒక ఒత్తిడి అల పంపుతుంది. మొదటి అల వెళ్తూ వెళ్తూ గ్యాస్‌ని కొంచెం నొక్కి, కొంచెం వేడి చేసి వెళ్తుంది. వేడి గ్యాస్‌లో అలలు ఇంకా వేగంగా వెళ్తాయి. అందుకే రెండో అల మొదటిదాన్ని అందుకుంటుంది. మూడోది ఆ రెండిటినీ. హైవే మీద వెనక బండ్లు వేగంగా వచ్చి ముందు బండ్లకి గుద్దుకుంటే ఏమవుతుంది? ఒకే చోట కుప్ప. ఇక్కడ ఆ కుప్ప పేరే షాక్ వేవ్.

ఇప్పుడు సీన్ ఊహించుకోండి. ముందు షాక్. దాని వెనక, సెకనుకి కొన్ని వందల మీటర్ల వేగంతో నలిగిపోయిన మంట. రెండిటి మధ్య నొక్కబడి, వేడెక్కి, అంటుకోవడానికి సిద్ధంగా ఉన్న గ్యాస్. షాక్ ఏ గోడకో, ఏ మూలకో కొట్టుకుని వెనక్కి తిరిగితే అక్కడ ఒత్తిడి, వేడి ఒక్కసారిగా ఇంకా పెరుగుతాయి. ఏదో ఒక చిన్న చోట గ్యాస్ తనంతట తానే అంటుకుంటుంది. మంట అక్కడికి ఇంకా చేరలేదు, గమనించండి. ఆ చిన్న పేలుడు అల, పక్కనే సిద్ధంగా ఉన్న గ్యాస్‌లోకి దూకి, పెరిగి, డిటోనేషన్ అయిపోతుంది. 1966లో ఉర్టియూ, ఓపెన్‌హైమ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ క్షణాన్ని ఫొటోల్లో చూపించారు. అణుబాంబు ఓపెన్‌హైమర్ కాదు, ఈయన వేరు. ఆ ఘట్టానికి వచ్చిన పేరే "పేలుడు లోపల పేలుడు".

ఒకసారి డిటోనేషన్ అయ్యాక ఇక దానికి కొమ్మలు, పైపులు, సుడులు ఏవీ అక్కర్లేదు. గ్యాస్ తగిన పాళ్లలో గాలితో కలిసి, సరిపడా మందంగా ఉన్నంత మేర, ఖాళీ మైదానంలో కూడా అదే వేగంతో వెళ్తుంది. నేను తప్పు చెప్పింది సరిగ్గా ఇక్కడే.

అన్ని గ్యాస్‌లూ ఒకటి కాదు లెండి. డిటోనేషన్ ముందు భాగం లోపల చేప పొలుసుల్లాంటి అల్లిక ఉంటుంది. మసి పట్టించిన రేకు గొట్టంలో పెడితే దాని మీద ఆ పొలుసులు అచ్చు పడతాయి. గాలిలో హైడ్రోజన్‌కి ఆ పొలుసు సుమారు ఒక సెంటీమీటర్. మీథేన్‌కి సుమారు ఒక అడుగు. పొలుసు చిన్నదైతే డిటోనేషన్ తేలిక. అందుకే హైడ్రోజన్‌తో పనిచేసేవాళ్లు అంత భయపడతారు. మీథేన్‌తో కష్టం. పెట్రోల్ ఆవిరి ఆ రెండిటి మధ్యలో ఉంటుంది.

ఇప్పుడు నా మాటని అబద్ధం చేసిన ఊరికి వెళ్దాం. ఇంగ్లండ్‌లో హెమెల్ హెంప్‌స్టెడ్ పక్కన బన్స్‌ఫీల్డ్ అనే ఆయిల్ డిపో. తేదీ 2005 డిసెంబర్ 11, ఆదివారం.

ముందు రోజు సాయంత్రం 912 నంబర్ ట్యాంకులోకి పెట్రోల్ నింపడం మొదలైంది. తెల్లవారుజామున 3 గంటల ప్రాంతంలో లెవెల్ చూపించే గేజ్ ఒక చోట ఇరుక్కుపోయింది. పెట్రోల్ పెరుగుతోంది, స్క్రీన్ మీద అంకె మాత్రం కదలడం లేదు. ఇలాంటప్పుడు కాపాడటానికి పైన ఇంకో స్విచ్ ఉంది, విడిగా. ట్యాంక్ నిండితే అదే ఆపేయాలి. ఆ స్విచ్‌కి ఒక చిన్న లివర్, ఆ లివర్‌ని సరైన చోట పట్టి ఉంచడానికి ఒక తాళం కప్ప. ఆ కప్ప దేనికో అక్కడివాళ్లకి సరిగ్గా తెలియదు. కప్ప వేయలేదు. స్విచ్ పనిచేయలేదు.

5 గంటల 37 నిమిషాల ప్రాంతంలో ట్యాంక్ పై నుంచి పెట్రోల్ పొంగడం మొదలైంది. రెండున్నర లక్షల లీటర్లకు పైగా బయటికి వచ్చింది. జలపాతంలా కింద పడుతూ ఆవిరైంది. ఆ చలికి గాలిలో తేమ పొగమంచులా తెల్లగా కనిపించింది. సుమారు రెండు మీటర్ల ఎత్తున ఆ తెల్లటి మేఘం డిపో దాటి, పక్క రోడ్ల మీదకి, పార్కింగ్‌ల్లోకి పాకింది. సీసీ కెమెరాల్లో అదంతా కనిపిస్తుంది. బయట ఉన్న ట్యాంకర్ డ్రైవర్లు దాన్ని చూసి లోపలివాళ్లకి చెప్పారు. అలారం నొక్కారు. అలారంతో పాటు మంటలార్పే నీళ్ల పంపు స్టార్ట్ అయింది. బహుశా ఆ పంపు దగ్గరి నిప్పురవ్వే అంటించిందని దర్యాప్తులో తేలింది. సమయం ఉదయం 6 గంటల 1 నిమిషం.

గోడలు లేవు, పైకప్పు లేదు, అంతా బయటే. అప్పటి లెక్కల ప్రకారం ఇలాంటి మేఘం మండితే ఒత్తిడి 20 నుంచి 50 మిల్లీబార్లు పెరగాలి. కిటికీ అద్దాలు పగిలే స్థాయి. కానీ పార్కింగ్‌లో నలిగిపోయిన కార్లని చూసి లెక్కేస్తే 700 నుంచి 1000 మిల్లీబార్లు వచ్చింది! ఇరవై రెట్లు, ఇంకా ఎక్కువే. ఈ తేడా ఎక్కడి నుంచి?

నిపుణులు ఎంతో వెతికి చివరికి రోడ్డు పక్కన ఆగారు. అక్కడ రోడ్డు వెంబడి దట్టంగా చెట్లు, పొదలు ఉన్నాయి. వేలకొద్దీ కొమ్మలు, రెమ్మలు. మనం ఇందాక చెప్పుకున్న అడ్డాలు! ఆ పొదల వరసలోకి దూరిన మంట వేగం అందుకుంది. కనీసం ఒక చోట అది డిటోనేషన్‌గా మారి ఉండొచ్చు అన్నది నిపుణుల బృందం అంచనా. మేఘంలో ఎంత భాగం అలా పేలింది అన్నదాని మీద ఇంకా వాదనలు ఉన్నాయి. చెట్ల వల్ల మంట వేగం పెరిగిందన్నది మాత్రం గట్టిగా నిలబడింది. ఆదివారం తెల్లవారుజాము కాబట్టి చుట్టుపక్కల ఆఫీసుల్లో జనం లేరు. 43 మంది గాయపడ్డారు, ఒక్క ప్రాణం కూడా పోలేదు. అదే సోమవారం పది గంటలకి అయ్యుంటే?

నాలుగేళ్లకి మన దేశంలోనే జైపూర్‌లో, సీతాపురా ఆయిల్ టెర్మినల్‌లో. 2009 అక్టోబర్ 29. గంటకు పైగా పెట్రోల్ లీకయ్యాక సాయంత్రం ఏడున్నర ప్రాంతంలో మేఘం పేలింది. 11 మంది చనిపోయారు. మంటలు పది రోజులకు పైగా ఆరలేదు. అక్కడి విధ్వంసం చూసి అది కూడా డిటోనేషనే అని వాదించిన నిపుణులు ఉన్నారు.

అయితే ఇంకో తప్పు అర్థం చేసుకోకండి. "డిటోనేషన్ కాకపోతే పర్లేదు" అని కాదు. మన కోనసీమ నగరంలో 2014 జూన్ 27 తెల్లవారుజామున గ్యాస్ పైప్‌లైన్ లీకై, మేఘంలా పరుచుకుని అంటుకుంది. 20 మందికి పైగా పోయారు. అక్కడ ప్రాణాలు తీసింది చాలావరకు మంట, వేడి. నెమ్మది మంట కూడా మనిషి కంటే చాలా బలమైనది. వంటింట్లో గ్యాస్ లీకైనా అంతే. అది మామూలుగా డీఫ్లగ్రేషన్ దగ్గరే ఆగుతుంది, కానీ ఇంటి గోడలు కూలడానికి అది చాలు.

మరి ఏం చేయాలి? చెట్లు కొట్టేయాలా? కాదు. నేను నేర్చుకున్నది ఏంటంటే, నిప్పు అంటుకున్నాక మన చేతిలో ఏమీ ఉండదు. ఆలోచించే టైమే ఉండదు. ఉన్న టైమంతా అంతకు ముందే. బన్స్‌ఫీల్డ్‌లో గేజ్ ఇరుక్కున్నప్పటి నుంచి పేలేదాకా మూడు గంటలు ఉంది. జైపూర్‌లో గంటకు పైగా ఉంది. కదలని అంకెని ఎవరైనా అనుమానించాలి. తాళం కప్ప ఎందుకు ఉందో ఎవరైనా అడగాలి.

ఇక మన చేతిలో ఉన్నవి. బయట పెట్రోల్ వాసన గట్టిగా వచ్చినా, నేల మీద తెల్లటి పొగమంచులాంటిది పాకుతున్నా, బండి స్టార్ట్ చేయొద్దు. ఫోన్ తీసి వీడియో తీస్తూ నిలబడొద్దు, నా ఛానల్ మీద ఒట్టు. గాలి ఎటు నుంచి వస్తోందో చూసుకుని, మేఘంలోకి దిగకుండా, నడిచి దూరంగా వెళ్లండి. పొదలు, గోడలు, బండ్ల వరసల చాటుకి వెళ్లకండి. అవి కాపాడతాయి అనిపిస్తుంది, కానీ మంట పరుగందుకునేది అక్కడే. దూరం వెళ్లాకే ఫోన్ చేయండి. ఇంట్లో గ్యాస్ వాసన వస్తే ఏ స్విచ్చీ వేయొద్దు, ఆపొద్దు. రెగ్యులేటర్ ఆపండి, తలుపులు, కిటికీలు తెరవండి, అందర్నీ బయటికి తీసుకురండి, తర్వాత 1906కి కాల్ చేయండి. ఎల్పీజీ లీకులకి ఎమర్జెన్సీ నంబర్ అది. వీడియో పాజ్ చేసి ఇప్పుడే సేవ్ చేసుకోండి.

పాత వీడియోలో ఆ ముక్క కట్ చేశాను. కింద తప్పు దిద్దుకున్నట్టు రాశాను కూడా. కానీ దాన్ని చూసేసినవాళ్లు ఎంతమందో, అందులో ఎంతమంది డిపో బయట లైన్లో నిలబడతారో నాకు తెలియదు. అందుకే ఈ ఎపిసోడ్.

నిన్న మావయ్యకి ఫోన్ చేసి ఇదంతా చెప్పా. చెట్ల సంగతి చెప్పగానే కాసేపు మాట్లాడలేదు.

"మా బండ్లు ఆగే చోట ప్రహరీ పొడుగునా చెట్లే రా. ఎండకి అందరం అక్కడే కూర్చుంటాం, అన్నాలు తింటాం."

"రోజూ కూర్చోండి మావయ్యా, ఏం కాదు. వాసన వచ్చిన రోజు మాత్రం అక్కడి నుంచి లేవండి."

"నేను లేస్తాలే. వాడికి నువ్వు చెప్పు" అని ఫోన్ క్లీనర్ కుర్రాడికి ఇచ్చాడు.

"తమ్ముడూ, ఆ రోజు నేను చెప్పింది తప్పు. మావయ్య చెప్పింది కరెక్ట్" అన్నా.

వాడు ఒక్క క్షణం ఆగి, "అయితే ఆ మాట కూడా వీడియోలో చెప్పన్నా, అందరూ చూస్తారు" అన్నాడు.

చెప్పేశాను తమ్ముడూ. ఫ్రెండ్స్, మీ ఇంట్లో ట్యాంకర్ నడిపేవాళ్లు, బంకులో, డిపోలో, గ్యాస్ ఏజెన్సీలో పనిచేసేవాళ్లు ఉంటే ఈ ఎపిసోడ్ ముందు వాళ్లకి పంపండి. లైక్, సబ్‌స్క్రైబ్ తర్వాత చూసుకుందాం. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. జాగ్రత్త, బై!